కొండవాలు మీద వాననీటి దారిని చదవడం: గుబుర్లు, వాటి మధ్య బయళ్లు

విజయవాడ, గుంటూరు నగరాల చుట్టూ ఉన్న కొండలను మే నెలలో దగ్గరగా చూస్తే, పాదాల నుంచి నడుము వరకు దాదాపు ఒకే అమరిక కనిపిస్తుంది. ఒక బలుసు పొద, దాని మొదట్లో చిక్కుకున్న ఎండుటాకులు, పక్కనే నాలుగు గడ్డి దుబ్బులు; ఆ తరువాత కొన్ని అడుగుల మేర, కాలు పెడితే ముద్ర కూడా పడనంత గట్టిపడిన ఎర్రటి బోడి నేల; మళ్లీ ఒక పొద. కొండపల్లి వైపు వెళ్లినా, మంగళగిరి వైపు వెళ్లినా, గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే దారిలో యడ్లపాడు దగ్గర కుడి చేతి వైపు కనిపించే కొండవీటి శ్రేణికి వెళ్లినా ఇదే తీరు. మొక్కలు మొలవని ఆ బోడి నేలను చూసి అది పాడైపోయిన భాగమనీ, దాన్ని కూడా తవ్వి మొక్కలు నాటితే కొండ అంతా పచ్చబడుతుందనీ చాలామంది అనుకుంటారు. మంచి మనసుతో చేసే ఆ పని వల్లనే ఉన్న పొదలు ఎండిపోయే ప్రమాదం ఉంది. ఎందుకంటే పొద తాగే నీటిలో పెద్ద భాగం దాని మీద పడిన వాన కాదు, దాని పైనున్న బోడి నేల మీద పడి, ఇంకకుండా జారి వచ్చిన వాన.

కొండ పాదంలో ఒకటి రెండు ఎకరాల గరువు నేల ఉన్న రైతులకు, మొక్కలు నాటే కార్యక్రమాలు చేపట్టే గ్రామ బృందాలకు, ఉపాధి హామీ పనులలో కందకాలు ఎక్కడ తవ్వాలో నిర్ణయించేవారికి, విద్యార్థులను బయటికి తీసుకువెళ్లే ఉపాధ్యాయులకు పనికివస్తుందన్న ఉద్దేశంతో ఈ పద్ధతిని వివరిస్తున్నాను. ఇందులో మొదటి పెద్ద భాగం చూడటం, కొలవడం. చేయవలసిన పని ఆ తరువాతే వస్తుంది. సౌలభ్యం కోసం పొద, గడ్డి, రాలిన ఆకులు కలిసి ఉన్న చోటును గుబురు అనీ, వాటి మధ్యనున్న బోడి నేలను బయలు అనీ పిలుస్తాను.

నీరు అలా ఎందుకు నడుస్తుంది

పెద్ద చినుకు సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో నేలను తాకుతుంది. పైన ఆకు గానీ చెత్త గానీ లేని చోట ఆ దెబ్బకు మట్టి గడ్డలు పగిలి, అందులోని సన్నని రేణువులు విడిపోయి, నేల రంధ్రాలలో కూరుకుపోతాయి. ఎండ కాసిన తరువాత ఆ పై పొర కొద్ది మిల్లీమీటర్ల మందాన పెచ్చు కడుతుంది. పెచ్చు కింద మట్టి ఎంత గుల్లగా ఉన్నా ప్రయోజనం ఉండదు. నీరు లోపలికి దిగే వేగాన్ని ఆ పలుచని పొరే నిర్ణయిస్తుంది. అందువల్ల బయలు మీద కొద్దిపాటి జోరు వానకే నీరు నిలిచి, పలుచని పొరలా వాలు వెంట కదలడం మొదలవుతుంది.

గుబురు దగ్గర జరిగేది ఇందుకు పూర్తిగా భిన్నం. ఆకులు చినుకు దెబ్బను ఆపుతాయి. కొమ్మల మీద పడిన నీటిలో కొంత భాగం కాండం వెంట కిందికి జారి, నేరుగా వేళ్ల మొదట్లో దిగుతుంది. రాలిన ఆకులను తినడానికి వచ్చే చెదలు, చీమలు, వానపాములు నేలలో సొరంగాలు చేస్తాయి. చచ్చిన వేర్లు కుళ్లిన చోట గొట్టాల వంటి దారులు మిగులుతాయి. పైనుంచి జారి వచ్చే నీరు ఇక్కడ ఆకుచెత్తకు తగిలి నెమ్మదిస్తుంది, మోసుకొచ్చిన ఒండ్రును, విత్తనాలను, పశువుల పేడ పొడిని వదిలేస్తుంది, తరువాత సొరంగాల గుండా లోపలికి దిగుతుంది. ఆ ఒండ్రు వల్ల గుబురు ఇంకా బలపడుతుంది, బలపడిన గుబురు తరువాతి వానలో ఇంకొంచెం ఎక్కువ నీటిని పట్టుకుంటుంది. పొద నీడ వల్ల ఆ తడి ఆలస్యంగా ఆరుతుంది.

ఈ సంబంధాన్ని మొదట గాలిలోంచి చూసి గుర్తించారు. 1950లో మక్‌ఫాడియన్ అనే భూవిజ్ఞాని అప్పటి బ్రిటిష్ సోమాలిలాండ్ మైదానాల విమాన ఛాయాచిత్రాలలో కనిపించిన వృక్షాల చాపాల గురించి వివరంగా రాశాడు. నైజర్ దేశంలో నియామే నగరం చుట్టూ ఉన్న పీఠభూముల మీద పొదలు పట్టీలు పట్టీలుగా, వాటి మధ్య అంతకంటె వెడల్పైన బోడి పట్టీలతో పెరుగుతాయి. పైనుంచి చూస్తే పులి చారల్లా ఉంటాయి కనుక ఆ అడవికి పులి పొద అనే పేరే వచ్చింది. అక్కడ నేల వాలు నూటికి ఒక వంతు కూడా ఉండదు, నీరు పలుచని దుప్పటిలా పరుచుకుని కదులుతుంది, అందుకే చారలు అంత తీరుగా ఏర్పడతాయి. ఆస్ట్రేలియాలో జాన్ లడ్విగ్, డేవిడ్ టాంగ్వే ఇదే సూత్రం ఆధారంగా, నేల తన నీటిని, సారాన్ని ఎంతవరకు నిలుపుకుంటున్నదో పొలంలోనే అంచనా వేసే పద్ధతిని రూపొందించారు. నేను చెప్పబోయే తాడు కొలత ఆ పద్ధతి నుంచి నేర్చుకున్నదే.

మన ప్రాంతం ఎడారి కాదు. విజయవాడలో ఏడాదికి సగటున సుమారు 1000 మిల్లీమీటర్ల వాన పడుతుంది, పల్నాటి వైపు వెళ్లేకొద్దీ అది తగ్గుతుంది. అయితే ఆ వాన తొలకరి నుంచి నవంబరు వరకు కొన్ని జోరు వానలుగా కురిసిపోతుంది, ఆ తరువాత వేసవి చివరిదాకా కొండవాలుకు అందే తడి చాలా తక్కువ. కొండల మీద జానెడు మట్టి కింద గరప, దాని కింద రాయి ఉంటాయి కనుక, 1000 మిల్లీమీటర్లు పడినా నేల దాచుకోగలిగింది కొంతే. పైగా వాలు ఎక్కువ, రాళ్లు ఎక్కువ. అందువల్ల ఇక్కడ చారలు కనిపించవు, మచ్చలు మాత్రమే కనిపిస్తాయి. సూత్రం మాత్రం అదే. ఇదంతా ఎర్ర నేలలకు, గరప నేలలకు వర్తించే విషయమని గుర్తుంచుకోవాలి. గుంటూరు మిర్చి, పత్తి పండే నల్లరేగడిలో వేసవి నెర్రెలు మొదటి వానలను నేరుగా లోతుకు మింగేస్తాయి, నేల ఉబ్బి నెర్రెలు పూడిన తరువాతే నీరు పారడం మొదలవుతుంది; అక్కడ ఈ పరీక్షలు చేస్తే తప్పుడు ఫలితాలు వస్తాయి.

వెళ్లే ముందు

మొదటిసారి చూడటానికి మే నెల మూడో వారం నుంచి మృగశిర కార్తె మొదలయ్యే లోపు సమయం మంచిది. అప్పటికి ఏడాది గడ్డి ఎండిపోయి, నిలకడగా బతికే గుబుర్లు మాత్రమే కనిపిస్తాయి, నేల మీద పాత ప్రవాహాల గుర్తులు చెరగకుండా ఉంటాయి. 30 మీటర్ల తాడు, టేపు, రెండు వైపులా మూతలు తీసేసిన 15 సెంటీమీటర్ల వ్యాసం గల రేకు డబ్బా, అర లీటరు కొలత సీసా, ఇరవై లీటర్ల నీరు, బొటనవేలి మందాన మీటరు పొడవు ఇనుప చువ్వ, గుప్పెడు బంకమట్టి, రాసుకోవడానికి పుస్తకం సరిపోతాయి. కొండ చాలా చోట్ల రిజర్వు అటవీ భూమి. అక్కడికి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు, అనుమతి ఉన్నా కొమ్మ నరకకూడదు. సొంత నేల గానీ, పంచాయతీ అంగీకరించిన బీడు గానీ ఎంచుకోవడం మేలు. గుబురులోకి చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టి చూడాలి, ఎందుకంటే రక్తపింజరి ఎండుటాకులలోనే పడుకుంటుంది.

గుర్తులను చదవడం

ఎంచుకున్న వాలు పైభాగాన నిలబడి కిందికి నడుస్తూ నేలను మాత్రమే చూడండి. మొదట వెతకవలసింది ఆకుల కట్టలు: ఎండుటాకులు, పుల్లలు, మేక పెంటికలు ఒక సన్నని గీతలా పేరుకుని ఉంటే, ఆ గీత పైవైపున గత వానలో నీరు నిలిచిందని అర్థం. ఆ గీత వంపు నీరు ఎటు నుంచి వచ్చిందో కూడా చెబుతుంది. తరువాత గుబురుకు పైవైపు, కిందివైపు నేల ఎత్తులను పోల్చండి. పైవైపు మెత్తటి మట్టి మెట్టులా పేరుకుని ఉంటే ఆ గుబురు పని చేస్తున్నదన్నమాట. దానికి బదులు గడ్డి దుబ్బు చుట్టూ మట్టి కొట్టుకుపోయి, దుబ్బు చిన్న దిమ్మె మీద నిలబడినట్టు, వేర్లు బయటపడి కనిపిస్తే, నీరు దాన్ని దాటి వేగంగా పోతున్నదని గ్రహించాలి.

బయలులో రాళ్లను కూడా జాగ్రత్తగా చూడాలి, ఇది చాలామంది వదిలేసే విషయం. నేల మీద వదులుగా పడి ఉన్న రాయి చినుకు దెబ్బను ఆపి, తన కింద మట్టిని గుల్లగా ఉంచి, నీరు ఇంకడానికి సాయపడుతుంది. పెచ్చులో సగం కూరుకుపోయిన రాయి అందుకు వ్యతిరేకం, తన మీద పడిన నీటినంతా పెచ్చు మీదికి తోసి ప్రవాహాన్ని పెంచుతుంది. అరచేతితో కదిపితే ఏ రాయి ఏ జాతిదో తెలిసిపోతుంది. కొన్ని బయళ్ల మీద నల్లగా, ఎండినప్పుడు మసి పూసినట్టు కనిపించే పలుచని పొర ఉంటుంది. అది తడి తగలగానే మేల్కొనే సూక్ష్మజీవుల పొర, రేణువులను పట్టి ఉంచి మట్టి కొట్టుకుపోకుండా కాపాడుతుంది. దాన్ని శుభ్రం చేయాలని గీకవద్దు.

మట్టి స్వభావం తెలుసుకోవడానికి బయలు నుంచి, గుబురు కింద నుంచి గోలీ అంత ఎండు మట్టిగడ్డలను తీసుకుని, వాటిని గాజు గ్లాసులోని నీటిలో నెమ్మదిగా వదలండి. బయలు గడ్డ కొద్ది క్షణాలలోనే చెదిరి బురదగా మారితే, ప్రతి వానకూ అక్కడ పెచ్చు మళ్లీ కడుతుందని తెలుసుకోవచ్చు. గుబురు గడ్డ చాలాసేపు ఆకారం నిలుపుకుంటే, ఆకుచెత్త నుంచి వచ్చిన జిగురు ఆ మట్టిని పట్టి ఉంచుతున్నదని అర్థం.

తాడు కొలత

తాడును నీరు పారే దిశలోనే, అంటే నిట్టనిలువుగా వాలు వెంట పైనుంచి కిందికి పరచాలి. అడ్డంగా పరిస్తే ఈ కొలతకు అర్థం ఉండదు. తాడు మొదటి నుంచి నడుస్తూ, తాడు కింద గుబురు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో, బయలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో రాసుకోండి. నీటిని ఆపగలిగే దేన్నైనా గుబురుగా లెక్కించవచ్చు: దట్టమైన గడ్డి దుబ్బు, నేలకు ఆనిన పడిపోయిన కొమ్మ, చెదపుట్ట అంచు. కాండం ఒక్కటే ఉండి కింద నేల బోడిగా ఉన్న చెట్టు, ఎంత నీడ ఇచ్చినా, ఈ లెక్కలో గుబురు కాదు. ప్రతి గుబురుకూ వాలుకు అడ్డంగా ఉన్న వెడల్పు కూడా కొలవాలి, ఎందుకంటే జానెడు వెడల్పు దుబ్బును నీరు చుట్టి వెళ్లిపోతుంది.

ఉదాహరణకు 30 మీటర్ల తాడు మీద గుబుర్లన్నీ కలిపి 6 మీటర్లు, బయళ్లన్నీ కలిపి 24 మీటర్లు వచ్చాయనుకుందాం. అంటే ఒక వంతు గుబురుకు నాలుగు వంతుల బయలు ఉంది. ఈ నిష్పత్తి చూసి వెంటనే బెంగపడనక్కర్లేదు, పొడి నేలకు అది ఆరోగ్యకరమైన అమరికే కావచ్చు. నా దృష్టిలో సగటు కంటె ముఖ్యమైనది అన్నిటికంటె పొడవైన ఒకే ఒక్క బయలు. ఆ 24 మీటర్లు రెండేసి, మూడేసి మీటర్లుగా విడిపోయి ఉంటే నీరు వేగం అందుకునే లోపే ఏదో ఒక గుబురుకు తగులుతుంది. అందులో 12 మీటర్లు ఒకే చోట ఉంటే, పలుచని పొరగా మొదలైన నీరు మధ్యలోనే సన్నని పాయలుగా కూడి, కింద వచ్చే గుబురును చీల్చుకుని వెళ్లగలదు. వాలు పాడవడం అక్కడే మొదలవుతుంది. ఒక్క తాడుతో తీర్పు చెప్పకుండా, పది అడుగుల దూరంలో మరో రెండు చోట్ల తాడు వేసి చూడాలి.

డబ్బా పరీక్ష

నీరు ఇంకే వేగాన్ని పోల్చడానికి డబ్బాను గుబురు నడుమ ఒక చోట, గుబురు అంచున ఒక చోట, బయలు మధ్యలో ఒక చోట ఉంచాలి. గరప నేలలో డబ్బాను బలవంతంగా దిగగొడితే పెచ్చు పగిలి పరీక్ష పాడవుతుంది. అందుకని దాన్ని నేల మీద ఆనించి, బయటి అంచు చుట్టూ తడి బంకమట్టిని గట్టిగా అదిమితే చాలు. లోపల నేల మీద ఒక ఆకు వేసి, నీటి ధార దాని మీద పడేలా అర లీటరు పోయండి. 15 సెంటీమీటర్ల డబ్బాలో అర లీటరు నీరు 28 మిల్లీమీటర్ల వానతో సమానం. అది పూర్తిగా ఇంకేవరకు ఎన్ని నిమిషాలు పట్టిందో రాసి, వెంటనే అదే చోట మరో అర లీటరు పోసి మళ్లీ సమయం చూడండి. ఎండిన నేల మొదటి నీటిని ఆత్రంగా పీల్చుకుంటుంది, నమ్మదగినది రెండో లెక్క.

రెండోసారి గుబురు కింద 8 నిమిషాలు, బయలులో 70 నిమిషాలు పట్టిందనుకుంటే, గుబురు గంటకు 210 మిల్లీమీటర్లను, బయలు గంటకు 24 మిల్లీమీటర్లను ఇంకించుకుంటున్నాయన్నమాట. గంటకు 40 మిల్లీమీటర్ల జోరుతో వాన పడితే బయలు తన వాటాలో 16 మిల్లీమీటర్లను కిందికి వదిలేస్తుంది, గుబురు తన మీద పడినదాన్ని, ఆ వచ్చినదాన్ని రెండింటినీ తాగగలదు. డబ్బా కింద నీరు పక్కలకు కూడా పాకుతుంది కనుక ఈ అంకెలు అసలు వేగం కంటె ఎక్కువగా వస్తాయి. వాటిని ఒక చోటును మరో చోటుతో పోల్చడానికే వాడాలి, ఇంజనీరింగు లెక్కలకు వాడకూడదు.

వాన పడుతున్నప్పుడు

ఉరుములు మెరుపులు లేని వానలో గొడుగు వేసుకుని వాలు మీద పావుగంట నిలబడితే, ఏ పుస్తకమూ చెప్పలేనంత తెలుస్తుంది. మొదటి ఐదు నిమిషాలలో ఏ చోట నీరు మెరుస్తున్నదో చూడండి, పెచ్చు బిగువుగా ఉన్న చోటు అదే. మెరిసిన చోట గుప్పెడు వరి ఊక చల్లితే, ఊక నీటితో పాటు కదిలి దారిని చూపిస్తుంది: ఎక్కడ పరుచుకుంటుంది, ఎక్కడ పాయలో చేరి పరుగెత్తుతుంది, ఏ గుబురు దగ్గర ఆగిపోతుంది, ఏ గుబురును పక్కనుంచి తప్పించుకుంటుంది. ఊక ఆగిన చోట్లన్నీ మీ వాలు నీటిని దాచుకునే చోట్లు. అది ఎక్కడా ఆగకుండా వాగులో కలిస్తే, ఆ దారిని పుస్తకంలో గీసుకోండి. తరువాత చేయబోయే పనికి అదే పటం.

చిన్న జల్లుకు, జోరు వానకు, కుండపోతకు ఈ నేల మూడు రకాలుగా ప్రవర్తిస్తుంది. నాలుగైదు మిల్లీమీటర్ల జల్లు బయలునే తడిపి, మరునాటి ఎండకు ఆవిరైపోతుంది, గుబురుకు పైనుంచి ఏమీ రాదు. జోరు వానలో బయలు ఇచ్చినదంతా గుబురు పట్టుకుంటుంది. కొండవాలు చెట్టూ చేమకు నిజమైన ఆధారం ఈ మధ్యరకపు వానలే. తుపాను వానలో గుబుర్లు కూడా నిండిపోయి, నీరు ఒకదాని మీదుగా మరొకదాని మీదికి పొర్లి వాగు చేరుతుంది. కాబట్టి మీరు చూసింది ఏ రకపు వానో, ఎంత జోరుగా, ఎంతసేపు పడిందో రాసుకోకపోతే ఆ పరిశీలనకు విలువ ఉండదు. నిలువు గోడల డబ్బాను ఆరుబయట పెట్టి, వాన వెలిశాక నీటి ఎత్తును స్కేలుతో కొలిస్తే వాన మొత్తం తెలుస్తుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీరు.

మరునాడు ఇనుప చువ్వ తీసుకుని వెళ్లాలి. తడిసిన మట్టిలో చువ్వ ఒకే ఒత్తిడికి దిగుతుంది, పొడి మట్టి తగలగానే ఆగుతుంది. రాయి తగిలి ఆగితే చేతికి ఆ తేడా తెలుస్తుంది, అప్పుడు పక్కన మళ్లీ గుచ్చి చూడండి. 30 మిల్లీమీటర్ల వాన పడిందనీ, ఆ మట్టి తన ఘనపరిమాణంలో నూటికి 15 వంతుల నీటిని పట్టగలదనీ అనుకుంటే, పడిన నీరంతా పడిన చోటే ఇంకి ఉంటే పదును, అంటే మట్టిలోని తడి, 20 సెంటీమీటర్ల లోతుకు దిగాలి. బయలులో అది 10 సెంటీమీటర్ల దగ్గర ఆగి, గుబురు కింద 50 సెంటీమీటర్ల దాకా వెళ్లిందనుకుందాం. అప్పుడు బయలు తన 30 మిల్లీమీటర్లలో 15 మాత్రమే ఉంచుకుని 15 వదిలేసింది. గుబురు కింద 75 మిల్లీమీటర్ల నీరు ఉంది, అందులో 45 పైనుంచి వచ్చింది. అంటే ఆ గుబురులో ప్రతి చదరపు మీటరుకూ మూడు చదరపు మీటర్ల బయలు నీళ్లు మోసింది. ఈ ఒక్క లెక్క చేసి చూసినవారెవరూ బయలును పనికిరాని నేల అనరు. ఆ మూడు మీటర్లలో కందకం తవ్వి కొత్త మొక్క నాటితే, పాత గుబురుకు చేరవలసిన నీటిని తీసుకుని కొత్తదానికి ఇచ్చినట్టు అవుతుంది.

చేయవలసిన పని

ఇక్కడి వరకు చేసిన కొలతలలో గుబుర్లు పని చేస్తున్నాయని, పొడవైన బయళ్లు లేవని తేలితే, ఆ వాలుకు మీరు చేయగలిగిన మేలు దాన్ని తగలబడకుండా, అతిగా మేయకుండా కాపాడటమే. వేసవిలో కొండకు అంటుకునే మంట ఒక్క పూటలో ఆకుచెత్తను బూడిద చేస్తుంది, చెత్త పోయిన గుబురు తొలి వానకు ఏ నీటినీ ఆపలేదు. మేకలను పూర్తిగా నిషేధించమని నేను అనను, వాటి మీద బతికే కుటుంబాలు ఉన్నాయి. తొలకరి నుంచి గడ్డి గింజ రాలే వరకు, అంటే సుమారు అక్టోబరు దాకా, ఆ వాలును మేపకుండా వదిలేయడానికి కాపరులతో ముందే కూర్చుని మాట్లాడుకుంటే చాలు.

పొడవైన బయలు కనిపించిన చోట మాత్రం అడ్డు కావాలి. దానికి నేను అన్నిటికంటె ముందు చెప్పేది కంప. మన బీళ్లలో కావలసినంత సర్కారు తుమ్మ ఉంది. దాన్ని నరికినవారు కంపను ఒక చోట కుప్పవేసి కాల్చడమో, బొగ్గుకు వాడటమో చేస్తారు, వాలు మాత్రం ఒక్కసారిగా బోడి అవుతుంది. దానికి బదులు, కాయలు లేని కొమ్మలను ఎంచి, ఊక ఆగకుండా పరుగెత్తిన దారికి అడ్డంగా, రెండు మూడు మీటర్ల పొడవున, జానెడు ఎత్తున పరచాలి. కొమ్మలు నేలకు ఆనేలా తొక్కి, పైన వదులు రాళ్లు పెట్టాలి. నేలకూ కంపకూ మధ్య ఖాళీ ఉంటే నీరు కింద నుంచి దూసుకుపోయి మట్టిని ఇంకా ఎక్కువగా కోస్తుంది. రెండు కొసలను కాస్త పైవైపుకు వంచితే నీరు పక్కలకు జారిపోదు. కాయలున్న కొమ్మలు వాడితే మీరే తుమ్మ విత్తినవారవుతారు.

అడ్డు సమమట్టంగా ఉండటం ముఖ్యం. తాపీ పనివారు గోడలకు వాడే నీటి గొట్టంతోనే కొండవాలు మీద కూడా మట్టం చూడవచ్చు: పారదర్శకమైన గొట్టంలో నీరు నింపి, రెండు కొసలను రెండు కర్రలకు కట్టి, నీటి ఎత్తు రెండు కర్రల మీదా సమానంగా వచ్చే చోట్లను గుర్తుపెట్టుకుంటూ పోవాలి. బయలు మొత్తానికి ఒకే పొడవైన కట్ట వేయవద్దు. బయలును మూడు భాగాలుగా ఊహించుకుని, పై రెండు భాగాలను నీరు ఇచ్చే నేలగా వదిలేసి, కింది మూడో భాగంలో అడ్డు పెట్టండి. కింది వరుసలోని అడ్డు, పై వరుసలోని ఖాళీకి ఎదురుగా రావాలి. అప్పుడు పైదాని నుంచి పొర్లిన నీరు కిందిదానికి దక్కుతుంది.

రాళ్లు దండిగా ఉన్న చోట కంపకు బదులు రాతి వరుసలు, వాలు తక్కువగా ఉండి మట్టి కాస్త లోతుగా ఉన్న చోట నోరు పైవైపుకు తెరిచిన అర్ధచంద్రాకారపు చిన్న గట్లు వేయవచ్చు. పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో దేశంలో యాకూబా సవాదోగో అనే రైతు పెచ్చు కట్టిన బంజరులో గుంటలు తవ్వి, వాటిలో పశువుల ఎరువు వేసి, ఆ ఎరువుకు వచ్చిన చెదల చేతనే నేలను గుల్ల చేయించి, అడవినే పెంచాడు. మనవాళ్లు చెద కనబడగానే మందు చల్లుతారు. ఇంటి దూలానికి పట్టిన చెద వేరు, కొండవాలు మీద చెద వేరు. అడ్డు పైవైపున ఒక తట్ట ఎండుటాకులు, పేడ వేస్తే చెదలు తామే వచ్చి పని మొదలుపెడతాయి.

విత్తడానికి తొందర పడనక్కర్లేదు. మొదటి వానల్లోనే అడ్డు పైవైపున ఒండ్రు, దానితో పాటు విత్తనాలు చేరతాయి. ఆ ఒండ్రు మీద పదును ఉండగా స్టైలో, అంజన్ గడ్డి వంటి పశుగ్రాసపు విత్తనాలు చల్లవచ్చు. తంగేడు, రేగు, సీతాఫలం, వేప గింజలను కంప లోపలికి వేస్తే ముళ్లే మేకల నుంచి వాటిని కాపాడతాయి. నీరు కోసి గోయి పడిన చోట పని ఎప్పుడూ గోయి తలవైపు నుంచి, అంటే పై కొస నుంచి మొదలుపెట్టాలి. కింద ఒక్క పెద్ద కట్ట కడితే, పైనుంచి వచ్చే వేగం తగ్గనంత కాలం అది పూడుతూనో తెగుతూనో ఉంటుంది.

రెండు చోట్ల ఈ పని అసలు చేయకూడదు. మొదటిది, ఇళ్ల పైనున్న నిటారు కొండ. అటువంటి వాలులో నీటిని నిలబెట్టి లోపలికి దింపితే, పగుళ్లున్న రాయి, వదులు మట్టి కలిసి జారవచ్చు. 2024 ఆగస్టు 31న భారీ వానకు మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయిన సంగతి విజయవాడ వాసులెవరూ మరచిపోలేరు. అక్కడ నీటిని సురక్షితంగా దించే మార్గం నిపుణులు నిర్ణయించవలసిన విషయం. రెండోది, చెరువుకు నీరిచ్చే వాలు. కొండవీటి కోట మీద ఉన్న చెరువులు చుట్టుపక్కల వాలుల నుంచి జారే వాననీటితో నిండేవే. పైన ప్రతి చుక్కనూ ఆపేస్తే కింద చెరువు నమ్ముకున్నవారికి అన్యాయం జరుగుతుంది. అందువల్ల పని మొదలుపెట్టే ముందు మీ వాలు కింద ఏముందో, ఆ నీటి మీద ఎవరు ఆధారపడ్డారో తెలుసుకోవాలి.

మరుసటి ఏడాది మే నెలలో మొదటిసారి తాడు మొదలుపెట్టిన చోటు నుంచే అదే దిశలో తాడు వేసి, డబ్బాను పాత చోట్ల పక్కనే పెట్టి, అదే చోటు నుంచి ఫొటో తీయండి. అడ్డు పైవైపున పేరుకున్న ఒండ్రు మందాన్ని చువ్వతో కొలిచి, అక్కడ ఇంకే వేగం బయలు వేగాన్ని దాటిందో లేదో చూడండి. దాటితే కంప కుళ్లిపోయినా ఇబ్బంది లేదు, గడ్డి దాని స్థానాన్ని తీసుకుంటుంది. అడ్డు కింద ఉన్న పాత గుబుర్లను కూడా తప్పకుండా పరిశీలించాలి. వాటి కొసకొమ్మలు ఎండి, దుబ్బుల మధ్యభాగం చచ్చిపోతూ కనిపిస్తే, పైన మీరు పెట్టిన అడ్డు వాటి వాటాను మింగేస్తున్నదని అర్థం. అప్పుడు తొలకరికి ముందే ఆ గుబురుకు సరిగ్గా పైనున్న అడ్డును నడుమ మూరెడు మేర తెరిచి, తరువాతి వానలో ఊక చల్లి, నీరు మళ్లీ ఆ గుబురును చేరుతున్నదో లేదో చూసుకోండి.